సున్నా అన్న కేక

చెరకు ఎదిగిన చేనులో టేపు అవతలి కొస పట్టుకున్న మనిషి కనబడడు. టేపు మొదలును రాయికి ఆనించి "సున్నా!" అని కేకేస్తాడు. అది విన్నాకే ఇవతల నేను అంకె చదువుతాను. చోడవరం చుట్టుపక్కల పొలాలు కొలవడం నేనెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎక్కాలూ కాగితాలూ నడకా నేర్పాయి. పంతొమ్మిదేళ్ళు ఆ కేక వేసింది నా భార్య తమ్ముడు.

నిరుడు రావికమతం వైపు ఇద్దరు అన్నదమ్ములకు చేను పంచాం. తమ్ముడి వాటా నలభై అయిదు సెంట్లు. పొడవు రెండు వందల పద్దెనిమిది అడుగులు కాబట్టి, అతని గట్టు రాయి నుంచి తొంభై అడుగులకు కర్ర పాతాలి. పాతాను. చెరకు కొట్టేశాక అతను మళ్ళీ కొలిపించుకుంటే ఎనభై ఎనిమిదే వచ్చింది. రెండడుగులు తక్కువ. గుణిస్తే ఇంచుమించు ఒక సెంటు.

"మీ లెక్క మీద నమ్మకంతో సంతకం ఎట్టేను బాబూ," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండు రోజులు నా కాగితాలు తిరగేశాను. నా అంకెల్లో తప్పు లేదు. ఇక మిగిలింది ఆ సున్నా ఒక్కటే. పంచుకున్న ఆ అన్నగారితో నా బావమరిది వియ్యమందబోతున్నాడని అప్పుడే తెలిసింది. అడగలేదు. అడిగితే అవునంటాడని భయం. అతనితో మాట్లాడటం మానేసి, టేపు గూట్లో పెట్టేశాను.

ఏడు నెలలు గడిచాక ఒక ఆదివారం, నా పది నెలల మనవరాలిని చూడ్డానికి అతనొచ్చాడు. ఎత్తుకుని ఆడిస్తూ గుమ్మం దాటబోయి, పిల్ల తలను ద్వారబంధానికి తగిలించాడు.

"ఒరే, గుంట తల బద్దలు కొట్టీసేవురా! కళ్ళు నెత్తి మీదెట్టుకున్నావేటి?" అంటూ నా భార్య చేతులు చాపింది.

పిల్ల ఆమె దగ్గరకు వెళ్ళలేదు. తనకు దెబ్బ తగిలించిన వాడి మెడనే కావలించుకుని, చొక్కా తడిసేలా ఏడ్చింది. మధ్యలో తలెత్తి అతని మొహం చూసి, మళ్ళీ అందుకుంది. క్షమించి కాదు. నొప్పి పెట్టినవాడికే నొప్పి చెబుతోంది. మొత్తం చెప్పాక ఊరుకుంది.

నాకు యాభై మూడేళ్ళు. ఏడు నెలలుగా నేను చెయ్యలేనిది అదే.

"ఒరే, ఆ రోజు సున్నా అన్నప్పుడు టేపు రాయి మీదుందా?" అని అడిగాను.

అతను పిల్లను భుజం మీదికి సర్దుకున్నాడు.

"లేదు బావా. వెనక్కెట్టేను. రెండడుగులే కదా అనుకున్నాను."

"పంతొమ్మిదేళ్ళు నీ మొహం సూడకుండా నీ కేక నమ్మేనురా!"

ఇంకా చాలా అన్నాను. అతను లేచిపోకుండా అంతా విన్నాడు. గుండెల మీద బరువు కొంచెం దిగింది. నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.

మర్నాడు ఇద్దరం ఆ చేనుకు వెళ్ళాం. అన్నదమ్ములిద్దరి ముందూ అతనిచేతే ఆ మాట చెప్పించాను. కర్ర మార్చడానికి మళ్ళీ కొలిచేటప్పుడు సున్నా కొస నేనే పట్టుకున్నాను.