బండ లేని ఊరు

ఆర్కిటెక్టు లైసెన్సుకు డిగ్రీ ఒక్కటే చాలదని చదువు అయిపోయాక గాని తెలియలేదు. ఒక పెద్ద ఆర్కిటెక్టు దగ్గర శిక్షణ పూర్తి చేయాలి. దానికి తోడు ఏదైనా పల్లెలో కొన్నాళ్ళు ఉచితంగా సేవ చేసి, చేయించుకున్నవాళ్ళ సంతకం పట్టుకురావాలి. ఆ సంతకం లేక నా దరఖాస్తు ఏడాదిగా మూలపడి ఉంది. అప్పటిదాకా నేను గీసిన ప్రతి ఇంటి కిందా మా సారు సంతకమే. నా గీతలన్నీ ఆయన పేరు మీద గోడలై లేస్తుంటే చూసి చూసి నాకు ఒళ్ళు మండేది.

ఎనభైల మొదట్లో, వానలు వెనకపట్టిన రోజుల్లో, తాండూరు నుంచి ఒక సేవాసంఘం కార్యదర్శి మాధవరావు గారు కబురు పెట్టారు. పెద్దేముల్ అవతల ఒక ఊళ్ళో వంటిళ్ళు పొగతో కమ్ముకుపోతున్నాయట. ఇంటింటి కొలతలు తీసి, పొగ బయటికి పోయే దారి గీసిస్తే సంతకం పెడతామన్నారు. వారం పని. తిండి, బస వాళ్ళవే. ఊరికే పనిచేసే మనిషికి ఇన్ని మర్యాదలేమిటా అని నాకు అప్పుడే అనుమానం తగిలింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట" అని మా అమ్మమ్మ రోజుకొకసారైనా అనేది. నేను ఆవిడ చేతుల మీద పెరిగినదాన్ని.

తెల్లవారుతూనే నాంపల్లిలో పాసింజరు ఎక్కాను. ఎక్కగానే పెట్టెకు గొలుసు వేసి, బల్ల కాలికి తాళం బిగించాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ వింతగా చూసింది.

"ఏం గొలుసమ్మా? పెట్టె ఏమన్న ఉరుకుతదా?"

"పెట్టె ఉరకదండీ. పట్టుకుని ఉరికేవాళ్ళుంటారు."

ఆవిడ కాసేపు ఆలోచించి, తన టిఫిను డబ్బాను నాకు అందనంత దూరం జరుపుకుంది. నన్నే దొంగ అనుకున్నదని నాకు కోపం వచ్చింది.

వికారాబాదులో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం నిండా సీతాఫలాల గంపలే. కొనేవాళ్ళకు ఒక మాట: గంప పై వరస చూసి మోసపోకండి, అడుగు వరస కాయలు కూడా తీయించి నొక్కి చూడండి. నేను అలాగే చేస్తే అమ్మే ఆమె, "పిల్లనిచ్చేటోళ్లు గూడ గింత సూడరు తల్లీ" అని విసుక్కుంది. పండ్లు మాత్రం అమృతమే. వికారాబాదు దాటాక కంది చేలు పసుపు పూతతో కనిపించాయి. తాండూరు దగ్గరపడే కొద్దీ పొలాలకు ముళ్ళకంప బదులు నిలబెట్టిన బండలే కంచెలయ్యాయి.

సంఘం ఆఫీసు స్టేషనుకు నడిచే దూరమే. దాని వెనకగోడకు ఆనుకునే బండలకు పాలిష్ పట్టే కార్ఖానా, బూడిదరంగు నీళ్ళ కాలవ, లారీలు. కార్ఖానా ఎవరిదని అడిగితే మాధవరావు గారు, "మా బామ్మర్దిది. నాకేం సంబంధం లేదు" అన్నారు. సంబంధం సంగతి నేను అడగనేలేదు. జొన్నరొట్టె, కందిపప్పుతో కమ్మటి భోజనం పెట్టించి, చేయి కడుక్కుంటుండగా ఇనుపగుండు కట్టిన ఒక పొడవాటి తాడు చేతికిచ్చారు.

"అట్లనే ఊర్ల బావులు గూడ చూడున్రి అమ్మా. ఎంత లోతుల బండ తగిలింది, ఎంత మందం ఉంది."

"పొయ్యికీ బావికీ ఏమిటండీ పొత్తు?"

"పునాదుల కోసం. మీకు తెల్వనిదా?"

తాతల నాడు కట్టిన ఇళ్ళకు ఇప్పుడు పునాదులేమిటని నోటిదాకా వచ్చింది. సంతకం ఆయన చేతిలో ఉంది కనుక మింగేశాను.

పెద్దేముల్ బస్సు మధ్యాహ్నం దొరికింది. దిగినచోటి నుంచి ఊరి దాకా ఎడ్లబండి. ఆ ఊరు చూసి నేను నోరు తెరిచాను. గోడలు బండలు, కప్పు బండలు, నేల బండలు. గొడ్ల కుడితి తొట్టి, గూటి అలమర, చివరికి కోళ్ళగూడు కూడా బండలే. ఒక రాయి మీద ఒక రాయి పేర్చి, సున్నం పెద్దగా వాడకుండానే నిలబెట్టిన పనితనం చదువులో నాకెవరూ చూపించలేదు.

బస హుస్సేన్ బీ ఇంట్లో. అరవై దాటిన ఒంటరి మనిషి. వంటింట్లో అడుగు పెడితే కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారిపోయాయి. నేను టేపు తీయగానే ఆవిడ ముఖం బిగుసుకుంది.

"కొలిచెటోళ్లు వచ్చిన్రంటే ఏదో ఒకటి పోతది, బేటీ."

ఊరంతా అదే వరస. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. నేను కొసను మేకుకు తగిలించి కొలుస్తుంటే గుమ్మంలో నిలబడి కాపలా కాశారు. బావుల మాట ఎత్తగానే మరీ విచిత్రమైంది. మల్లప్ప అనే రైతు బండ అరుగు మీద కూర్చుని, బండ గోడకు వీపు ఆనించి, బండ కప్పు నీడలో నాతో అన్న మాట ఇది:

"మా ఊర్ల బండ యాడిదమ్మా? తవ్వినంత దూరం మట్టే."

"మరి ఇదంతా?"

"గిదా? మా తాతలు యాడికెల్లో తెచ్చిన్రు."

పక్కింటాయన తన బావిలో పాములున్నాయన్నాడు. ఆ పక్కావిడ, తడి బొక్కెన చేత్తో పట్టుకునే, తమకు అసలు బావే లేదంది. ఇంత పచ్చి అబద్ధం ఊరు ఊరంతా ఒక్క గొంతుతో చెప్పడం నేనెన్నడూ వినలేదు. నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మర్నాడు పొద్దున మల్లప్ప పొలం వైపు నడిచి వెళ్ళి బావిలోకి వంగి చూశాను. నల్లరేగడి కింద రొట్టెలు పేర్చినట్టు వరస మీద వరస బండ. గుండు జారవిడిచి లోతు చూశాను. మరో రెండు బావులూ అలాగే చూశాను. తాడు చుట్టుకుంటూ తలెత్తితే గట్టు మీద హుస్సేన్ బీ నిలబడి ఉంది. నేను చూడగానే తిరిగి ఇంటివైపు నడిచింది. అన్నం పెట్టేటప్పుడు చెప్పింది.

"నా బిడ్డను ఇచ్చిన ఊర్ల గూడ గిట్లనే మొదట బావులు చూసిన్రు. ఎనక కాగితాలు వచ్చినయ్, ఎనక మిషన్లు. గనులు లోతు పోతుంటే బావుల నీళ్ళన్ని గా గుంతలల్లకే దిగినయ్. చేను పోయింది. ఇప్పుడు నా అల్లుడు గా గనిలనే కూలి జేస్తుండు."

"నేనూ వాళ్ళ మనిషినేమో. నాకెందుకు చెప్తున్నావు?"

"నమ్మి చెప్తలేను బేటీ. ఇన్నంక ఏం జేస్తవో సూద్దామని చెప్తున్న."

అంత సూటిగా నన్ను ఎవరూ తూచలేదు. ఆ వారమంతా పొగ పని మాత్రమే చేశాను. పొయ్యి పైనున్న కప్పు బండను ఒకదాన్ని ఎత్తి, కింద రెండు ముక్కలు పెడితే పొగకు దారి దొరికింది, వాన లోపలికి రాలేదు. హుస్సేన్ బీ వంటింట్లో మొదటిసారి పొగ పైకి లేచిపోయినప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి చూసి, తమ ఇంటికీ చేయమన్నారు. మల్లప్ప టేపు కొస పట్టుకున్నాడు. బావి ఊసు మాత్రం ఎత్తలేదు.

తాండూరు తిరిగి వచ్చేసరికి మాధవరావు గారి బల్ల మీద నా కాగితం సిద్ధంగా ఉంది. పొగ బొమ్మలను ఆయన తిప్పి కూడా చూడలేదు. కలం మూత తీసి అడిగారు.

"బావుల సంగతేందమ్మా?"

"ఆ ఊళ్ళో బండ లేదండీ. అంతా మట్టే."

ఆయన నవ్వారు. "మరి గా ఇండ్లు దేంతోని కట్టిన్రు?"

"వాళ్ళ తాతలు ఎక్కడి నుంచో తెచ్చారట."

కలానికి మళ్ళీ మూత పెట్టారు. "వారం దినాలు బండ ఇంట్ల పండి లేచి, బండ కండ్లబడని మనిషి ఇండ్లు కట్టొచ్చని నేనెట్ల రాసియ్యాలె? లోతులు యాదికొస్తే చెప్పున్రి, ఇప్పుడే సంతకం పెడ్త."

మూడు బావుల లోతులూ నా నాలుక మీదే ఉన్నాయి. ఒక్క నిమిషం నోరు విప్పితే లైసెన్సు. ఆ కాగితం కేసి చూసినప్పుడు నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పడానికి సిగ్గుపడను. "యాదికి రావడం లేదండీ" అని లేచి వచ్చేశాను.

సాయంత్రం బండిలో, వికారాబాదు దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంకో ఏడాది మా సారు సంతకం కింద పడి ఉండాలి. కన్నీళ్ళు ఆరాక అనుమానం మొదలైంది. హుస్సేన్ బీ చెప్పినది నిజమేనా? మాధవరావు గారు నిజంగా పునాదుల కోసమే అడిగారేమో? ఏదీ తేల్చి చెప్పగల ఆధారం నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వికారాబాదులో ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు ఎక్కి ఎదురుగా కూర్చున్నారు.

"ఏ ఊరికి పోయొస్తున్నరమ్మా?"

"చుట్టాలింటికి" అన్నాను. ఏ ఊరని మళ్ళీ అడిగితే నిద్ర నటించాను.

లైసెన్సు తర్వాత వేరేచోట పని చేసి తెచ్చుకున్నాను. అటు వెళ్ళాలనుకునేవారు పాసింజరులో వెళ్ళండి, దారి బాగుంటుంది. తాండూరు కందిపప్పు తినకుండా రాకండి. బండలతో ఇల్లెలా కడతారో చూడాలంటే పెద్దేముల్ బస్సెక్కండి. అక్కడ దిగాక ఏ ఊరికి వెళ్ళాలో మాత్రం నేను రాయలేదు. మీరు మంచివారే అయి ఉంటారు. కానీ మీరెవరో నాకేం తెలుసు?