వంకాయ మీద వేసిన నింద

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండింది. వల్లూరులో నన్ను నోరుగల మనిషి అంటారు. నీళ్ల ట్యాంకరు ఆలస్యమైతే డ్రైవరును కడిగేసే నోరు ఇది. ఆ ఒక్క మాటకు మాత్రం పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మొత్తం చెప్పగలుగుతున్నాను.

మా అత్తకు వీపు మీద, కుడి భుజం కింద ఒక గడ్డ ఉండేది. పావగడలో ఒక ఆసుపత్రిలో దాన్ని కోసి తీసేసి కుట్లు వేశారు. చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికి పంపించారు. నర్సు నాకే అప్పజెప్పింది. సబ్బుతో చేతులు కడుక్కుని రోజూ గుడ్డ మార్చాలి, తడి తగలకూడదు, ఎర్రబడినా చీము కనబడినా వెంటనే తీసుకురావాలి. అత్తకు తన వీపు కనబడదు కదా. అక్కడ ఏం జరుగుతోందో చూడాల్సింది నేనే.

అప్పట్లో నేను సోలార్ ప్లేట్లు కడిగే పనికి కొత్తగా చేరాను. ఒకప్పుడు మేం వేరుశనగ వేసుకుని, తర్వాత కంపెనీకి కౌలుకిచ్చిన చేలోనే ఆ ప్లేట్లు నిలబడ్డాయి. ఎండ ఎక్కకముందే పని మొదలు. తెల్లవారీ తెల్లవారకముందే మమ్మల్ని పనికి తీసుకెళ్లే బండి వచ్చి హారన్ కొట్టేది. మొదటి రోజు గుడ్డ మార్చాను. ఆ కుట్లు చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాను. మరుసటి రోజు నుంచి పాత ప్లాస్టరు అంచు కాస్త లేపి, మళ్లీ అదిమి, "కొత్త గుడ్డ పెట్టినా అత్తా" అనేదాన్ని. "చెయ్యి మెత్తగుండాది నీది" అని ఆమె రవిక సర్దుకునేది. ఒకసారి ఆమె నీళ్లు పోసుకున్నప్పుడు గుడ్డ తడిసింది. చూశాను. హారన్ మోగింది. వెళ్లిపోయాను.

పని పోతుందని భయమా? అత్త మీద నాకేమైనా కోపమా? ఎన్నిసార్లు తవ్వుకున్నా పెద్ద కారణం ఏదీ దొరకదు. బద్ధకం, రోత, తొందర. కోపమైనా ఉండి ఉంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

ఆ మధ్యలోనే నా ఆడబిడ్డ రత్న నాగలమడిక నుంచి బస్సులో వచ్చింది. అమ్మకు ఇష్టమని వేరుశనగ పొడి దట్టంగా వేసి క్యారియరు నిండా వంకాయ కూర తెచ్చింది. కుట్లున్నవాళ్లు వంకాయ తింటే చీము పడుతుందని మా వైపు అందరూ నమ్ముతారు. రత్నకూ తెలుసు. నోరు చప్పబడిందని అమ్మ ఒకటే గోల పెడుతుంటే మనసొప్పక తెచ్చింది. అత్త ఆవురావురుమని తింది.

తర్వాత జ్వరం. వీపు నుంచి వాసన. ఆసుపత్రిలో ఊడదీస్తుంటే ఆ గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంది. డాక్టరు నా వైపు చూశాడు.

"దినామూ మార్చినారా?"

నేను నోరు తెరిచేలోపు అత్తే అందుకుంది. "మార్చింది సార్. నా కోడలు ఒక్క దినమూ తప్పలే. ఈ పాపిష్టి వంకాయ తిన్నందుకే ఇట్లాయె."

"తిండితో ఏమీ కాదమ్మా" అన్నాడాయన. ఎవరూ వినిపించుకోలేదు. రత్న గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "నేనే మా యమ్మను సంపుకుంటాంటి వదినా" అని నా చేయి పట్టుకుంది.

"ఊరుకో, తెలీక చేసినావు" అన్నాను నేను.

విన్నారా? ఓదార్చాను. ఆ ఓదార్పుతోనే నింద ఆమె మీద పెట్టి నొక్కాను. ఇంటికొచ్చి, విప్పని గుడ్డ పొట్లాలన్నీ నీళ్లు కాచే పొయ్యిలో వేసేశాను.

కుట్లు విప్పి, చీము తీశారు. ఆ పుండు మానడానికి చాలా కాలం పట్టింది. అత్త కుడి చేయి మళ్లీ పూర్తిగా పైకెత్తలేకపోయింది. అంతకన్నా పెద్దది ఇంకొకటి జరిగింది. పోయేదాకా ఆమె కూతురి చేతి వంట ముట్టలేదు. రత్న క్యారియరు తెచ్చినప్పుడల్లా "ఆడ పెట్టు" అనేది. అది అక్కడే చల్లారేది. ఆ గిన్నెలు కడిగి ఇచ్చిందీ నేనే. చెప్పడానికి అన్ని పూటలు దొరికాయి కదా, ఎందుకు చెప్పలేదు?

మొన్న ప్లేట్ల ఇనుప చట్రం గీసుకుని నా భుజం వెనక లోతుగా తెగింది. కుట్లు పడ్డాయి. నా వీపు నాకు కనబడదు. రత్న పొద్దున్నే బస్సెక్కి వస్తోంది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటుంది. పాత గుడ్డ నెమ్మదిగా తీసి, ఎరుపు తగ్గిందో లేదో చూసి చెబుతుంది. ఏనాడూ తొందరపడలేదు. అన్నం తెస్తుంది గానీ ఉత్త చారన్నమే. "మా యమ్మకు చేసినట్ల నీకు చేయను వదినా" అంటుంది.

ఈ పొద్దున ఆమెకు వీపు తిప్పి కూర్చుని ఉండగానే నోరు పెగిలింది. "వంకాయ కాదు రత్నా. నేను గుడ్డ మార్చలేదు. ఒక్క దినం మార్చి ఇడిసిపెట్టినా."

ఆమె వేళ్లు ఆగాయి. తిరిగి చూసే ధైర్యం నాకు లేదు. కాసేపటికి వేళ్లు మళ్లీ కదిలాయి. కొత్త గుడ్డ పెట్టి, ప్లాస్టరు నాలుగు వైపులా సరిగ్గా అతికించింది. చేతులు కడుక్కుంది. బస్సుకు వెళ్లిపోయింది.

రేపు వస్తుందా? ఏమో. రాకపోతే పిలిచే ముఖం నాకు లేదు. అప్పటి నుంచి కూర్చోలేక ఇల్లంతా తిరుగుతున్నాను. క్యారియరు మరిచిపోయి వెళ్లిందో, వదిలేసి వెళ్లిందో తెలియదు. ఇందాక మూత తీసి తిన్నాను. చల్లారిన చారన్నం. గొంతులో ఏదీ అడ్డం పడకుండా దిగింది.