చిన్నమ్మది ఉపవాసం కాదు

పోయిన మంగళవారం పొద్దున మా చిన్నమ్మ చనిపోయింది. గుండె ఆగిపోయింది. నలభై ఆరేళ్లు. సముద్రం ఒడ్డున మా పల్లెలో ఆమెను చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "మహాతల్లి. వారానికి నాలుగు ఒక్కపొద్దులు. ఏం నిష్ఠ." వినలేక నేను లేచి బయటికి పోయాను.

ఆమె మా అమ్మ చెల్లెలు. అమ్మ నెల్లూరులో పనికి పోతే నన్ను పెంచింది ఆమే. చేపల పులుసు పెడితే ఉప్పు సరిపోయిందో లేదో నా నోటితో చూసుకునేది. ముళ్లు తీసి నాకు తినిపించి, తను మాత్రం "నాకు ఒక్కపొద్దు పాపా" అనేది. మొదట శనివారం ఒక్కటే. తర్వాత సోమవారం, మంగళవారం, గురువారం వచ్చి చేరాయి. ఎందుకని ఎవరూ అడగలేదు, పొగిడారు. నేనూ పొగిడాను. నా పెళ్లిలో "నాకంటే నువ్వే సన్నగా ఉండావు చిన్నమ్మా, అదృష్టం" అన్నాను. అది గుర్తొస్తే నా నోరంటే నాకే రోత.

రెండేళ్ల కిందట కళ్లు తిరిగి పడిపోతే నెల్లూరు తీసుకుపోయాను. అన్నం చూస్తే ఏమనిపిస్తుందని డాక్టరు అడిగారు. ఆమె తల వంచుకుని చెప్పింది.

"పురుగులు కదిలినట్టుంటాది సార్. ముద్ద లోపలికి పోతే ఒళ్లంతా మురికైనట్టుంటాది. తినకుండా ఉండిపోయిన రోజు మాత్రం గెలిచినట్టుంటాది."

డాక్టరు నావైపు తిరిగారు. "ఆకలి మీద అన్నం కనిపిస్తే మన మెదడు సంతోషపడుతుంది. ఈమె మెదడు బెదిరిపోతుంది, అసహ్యపడుతుంది. తినకపోతేనే దానికి ఊరట. ఇది మొండితనమూ కాదు, భక్తీ కాదు. జబ్బు."

ఆ తర్వాత ఆమె పడిన కష్టం నేను చూశాను. ఒక్క ఇడ్లీకి గంట. కళ్లు మూసుకుని మింగేది, మింగాక వణికేది. "నాకూ తినాలనే ఉండాది పాపా. నా తలకాయే ఒప్పుకోదు" అనేది. కొన్ని నెలలకు బుగ్గలు నిండాయి, రవిక బిగుతయింది.

ఒకరోజు కుళాయి దగ్గర ఎదురింటి అత్త నవ్వుతూ అంది: "ఏందమ్మే, ఒళ్లు చేసినావే. ఒక్కపొద్దులు మానేసినావా?"

ఆ పూట చిన్నమ్మ కంచం పక్కకు నెట్టేసింది. మళ్లీ ఎంత బతిమాలినా దగ్గరికి తీసుకోలేదు.

ఆ అత్తే శవం దగ్గర అందరికంటే గట్టిగా నిష్ఠ గురించి చెప్పి ఏడ్చింది. "అది జబ్బు అత్తా" అన్నాను.

"పోయిన మనిషిని ఆడిపోసుకోబాక" అని కసిరింది.

నిన్న చిన్నమ్మ బట్టలు సర్దాను. ప్రతి రవికకూ పక్కల్లో, ఒకదాని లోపల ఒకటిగా, నాలుగైదు వరుసల కుట్లు. ఏటేటా బిగించుకుంటూ పోయింది. నీలం రవికకు మాత్రం లోపలి వరుస విప్పి ఉంది. దారం లేదు. సూది గుచ్చిన చిన్న చిన్న రంధ్రాలు వరుసగా మిగిలాయి.