వంకర లేని గోడ

కోరుట్లలో ఒక బడిపంతులు ఇంటికి దర్వాజ నిలబెట్టిన పొద్దున, నాకు రావలసిన బట్టలు నాతో కలిసి గోడ కట్టే నా జోడీకి పోయాయి. ఇన్నేళ్లయినా ఆ బట్టలు నాకు గుర్తే. తెల్ల ధోతి, దానికి సన్నటి ఆకుపచ్చ అంచు, పైన మడతపెట్టిన టవల్.

మా దిక్కు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజకు, అంటే గుమ్మం చట్రానికి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నిలబెడతారు. అది నిలువుగా ఉందో లేదో దారానికి వేలాడే గుండు పట్టి చూసిన మేస్త్రికి ఇంటాయన కొత్త బట్టలు పెడతాడు. ఆ ఇంటికి పెద్ద మేస్త్రి ఎవరన్నది ఆ బట్టలతోనే నలుగురికీ తెలుస్తుంది. జగిత్యాల, కోరుట్లలో నేను నిలబెట్టిన దర్వాజలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు కూడా గుండు దారం వేలికి చుట్టుకొని ముందుకు వచ్చాను.

"నువ్వు జరుగన్నా. దుబాయ్ మేస్త్రిని పట్టనియ్యి. గక్కడ పెద్ద పెద్ద బిల్డింగులు కట్టొచ్చిండు" అన్నాడు పంతులు సారు.

"అన్న పడ్తడు సార్, నాకు పని నేర్పిందే అన్న" అన్నాడు నా జోడీ. సారు వినలేదు. నేను నవ్వుకుంటూ పక్కకు జరిగాను. ఆ నవ్వుకు నా దవడలు నొప్పి పెట్టాయి. పని దిగేటప్పుడు వాడు నా దగ్గరికి వచ్చి, "టవలన్నా తీస్కో అన్న" అన్నాడు. ధోతి తను ఉంచుకొని టవల్ నాకిస్తాడట. "నాకేం టవళ్ల కరువున్నదా" అని బండి ఎక్కాను.

వాడిది సిరిసిల్ల. మగ్గాల ఇంట్లో పుట్టాడు. మగ్గాలు సరిగా నడవని రోజుల్లో జగిత్యాలలో కూలీలు నిలబడే అడ్డా మీదికి వస్తే, చేతికి తాపీ ఇచ్చింది నేనే. గోడ పని ఇద్దరి పని. ఈ మూలకు ఒకడు, ఆ మూలకు ఒకడు నిలబడి మధ్యలో దారం కడతాం. ఒక వరుస ఇటుకలు పూర్తయ్యాక ఇద్దరం సరే అనుకుంటేనే దారం పైకి లేస్తుంది. ఎవడి గోడ వాడి ముక్కుకు మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి తన వంకర తనకు కనిపించదు. అవతలి మూల నుంచి జోడీ చూసి చెప్పాలి. మొదటి రోజే వాడికి చెప్పాను: "గాలున్నప్పుడు గుండు ఊగుతది, దాన్ని నమ్మకు. నన్ను అడుగు."

తర్వాత వాడు దుబాయ్ పోయాడు. అనుకున్న గడువు కన్నా ముందే తిరిగి వచ్చాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ నాకు జోడీగానే చేరాడు కానీ, అడ్డా మీద వాడి పేరు దుబాయ్ మేస్త్రి అయింది. నేను మాత్రం ఉత్త మేస్త్రినే.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసి కూర్చున్న రోజులు. రోజుకొక సంఘం చొప్పున దీక్షకు కూర్చునేది. మా తాపీ మేస్త్రీల వంతు వచ్చినప్పుడు వాడిని ముందు వరుసలో కూర్చోబెట్టి పెద్ద దండ వేశారు. నేను పొద్దంతా నినాదాలు ఇచ్చి గొంతు పోగొట్టుకున్నాను. వాడు నోరు విప్పలేదు. మర్నాడు పేపర్లో వాడి ముఖం నిండుగా పడింది, నాది మోచేయి పడింది. పైగా అడ్డా మీద అందరూ "ఎంత నిమ్మలమైన మనిషో" అని వాడినే మెచ్చుకున్నారు. మాట్లాడకపోయినా మెప్పు వచ్చేవాడి మీద కండ్లల్లో నిప్పులు పోసుకోక ఏం చేస్తాను?

వాడు అందరికన్నా ముందు పనికి వచ్చేవాడు. గుండు ఒకసారి వేయాల్సిన చోట నాలుగైదు సార్లు వేసేవాడు. పైన నిలబడి కట్టడానికి పలకలు పరిస్తే, ఎక్కే ముందు ఒక్కొక్క పలకనూ తొక్కి, వంగి కింద కట్టిన తాడు పట్టి చూసి, మళ్లీ తొక్కేవాడు. సద్ది సగం తిని మూత పెట్టేవాడు. "ఎంత జాగ్రత్త మనిషో చూడుండ్రి" అనేవాడు సారు. అందులో ఏదో తేడా ఉందని నాకు తెలిసి ఉండాల్సింది, ఎందుకంటే వాడి పక్కన అందరికన్నా ఎక్కువ సేపు నిలబడేది నేను. కానీ వాడి రోగాన్ని నేను పనితనం అనుకున్నాను. అనుకొని కుళ్లుకున్నాను.

దర్వాజ అయిన రెండో రోజు. దర్వాజకు కుడి పక్క గోడ వాడు ఛాతీ ఎత్తు లేపాడు. కొంచెం గాలి ఉంది. "అన్నా, ఎట్లున్నది?" అని అడిగాడు.

ఒక కన్ను మూసి చూశాను. నిజం చెబుతున్నాను, అంత సక్కటి గోడ నేను కూడా కట్టలేదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్క ఇటుక కూడా బయటికి రాలేదు. అదే నాకు మండింది.

"పొట్ట తీసింది తమ్మీ" అన్నాను. గోడ మధ్యలో ఉబ్బితే మేము అనే మాట అది.

"ఏడ?"

"నీకు కనవడ్తలేదా? దుబాయ్ల గిట్లనే కడ్తరా?"

సిమెంటు మాలు అందించే ఆడవాళ్లు నవ్వారు. ఆ మధ్యాహ్నం నేను కడుపు నిండా తిన్నాను.

మర్నాడు పోయేసరికి ఆ గోడ మోకాలి ఎత్తున ఉంది. వాడు ఇటుకల నడుమ కూర్చొని ఒక్కొక్కదానికి అంటిన సిమెంటు గీకుతున్నాడు. సారు తిడతాడని సంతోషంగా ఎదురుచూశాను. సారు వచ్చి చూసి, "తప్పయితే తీసి మల్ల కట్టేటోడే మేస్త్రి" అన్నాడు. సాయంత్రానికి వాడు గోడను మళ్లీ ఛాతీ దాకా లేపి, "గిప్పుడెట్లున్నది అన్నా?" అన్నాడు. వేళ్లు సిమెంటుకు పగిలి ఉన్నాయి. చూశాను. చూసి కూడా, సారు మాట ఇంకా చెవిలో ఉండబట్టి, "నాకైతే గట్లనే కనవడ్తుంది. మల్ల చూస్కో" అన్నాను.

వాడు రెండోసారి కూడా తీసేశాడు. ఆ మరుసటి రోజు పనికి రాలేదు. సారు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ వారమే పంతుళ్లు కూడా సమ్మెలోకి దిగారు. సారు ఇల్లు ఆగిపోయింది. బందులకు ఇసుక రాక మిగతా ఇళ్లూ ఆగిపోయాయి. అడ్డా మీద పని లేదు, కబుర్లు మాత్రం ఉన్నాయి. వాడు సిరిసిల్లలో ఇంట్లోనే ఉంటున్నాడట. ఎవరితోనూ మాట్లాడడట. ఇంటి గోడలన్నిటికీ పొద్దంతా గుండు వేసి చూస్తున్నాడట. గాలి సోకిందని ఒకరు, ఎవరో ఏదో చేశారని ఒకరు అన్నారు. భార్య తాయెత్తు కట్టించి, అది పనిచేయక మనసు డాక్టరుకు చూపించిందట. అడ్డా వాళ్లు వంతులేసుకొని పండ్లు పట్టుకొని చూడబోయారు.

దానికీ ఓర్వలేకపోయాను. నాకూ నిద్ర లేదు. నాకూ తిండి సయించడం లేదు. మా పనిలో నడుము పడితే గుడ్డ కట్టుకుంటాం, చేయి తెగితే సున్నం పెడతాం, మనసు బాగుండకపోతే మందు తాగుతాం. నేను అదే చేస్తున్నాను. నాకెవరూ పండ్లు తేలేదు. నీకేమైందని అడగలేదు. అడిగితే ఏం చెబుతానో తలుచుకొని ఇంకో గ్లాసు పోసుకునేవాణ్ని.

ఒక రోజు వాడి భార్య ఫోన్ చేసింది. "అన్నా, డాక్టరు గోలీలిచ్చిండు. జర తేలిండు. నిన్నే అడుగుతుండు. ఒక్కపారి రాయే."

బస్సులు లేవు. బండి మీద బయలుదేరాను. దారిలో ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నన్ను ఆపి ఆకులో అన్నం పెట్టారు. "ఎటు పోతున్నవే?" అని ఒక పెద్దమనిషి అడిగితే, "మా తమ్మునికి పానం మంచిగ లేదు" అన్నాను. ఆ అన్నం సగం ఆకులోనే వదిలేసి బండి ఎక్కాను.

వాళ్ల ముందు గదిలో ఆగిపోయిన మగ్గం మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. వెనక గదిలో మేకుకు గుండు వేలాడుతోంది. వాడు దాని ముందు పీట మీద కూర్చున్నాడు. సగమయ్యాడు. భార్య నన్ను వాకిట్లోకి పిలిచి చాయ ఇచ్చి, మెల్లగా చెప్పింది.

"దుబాయ్ల ఈయన జోడీ ముస్తాబాద్ దిక్కు మనిషి. ఒకనాడు పొద్దుగాల పైకి ఎక్కుకుంట పలక మంచిగున్నదా అని అడిగిండట. ఈయన చూడకుంటనే మంచిగున్నది అన్నడట. గాయన పైనుంచి కింద పడి పానం ఇడిసిండు. గిది నాకు గూడ చెప్పలే అన్న. మొన్న డాక్టరుకు చెప్పిండు."

చాయ గ్లాసు అక్కడే పెట్టేశాను. లోపలికి పోయి వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"తమ్మీ, సారు ఇంటి గోడ సక్కగున్నది. రెండు పార్లూ సక్కగనే ఉండె. బట్టలు నీకు పెట్టిండని నేనే ఓర్వలేక గట్లన్న."

వాడు వేలాడుతున్న గుండును చేత్తో పట్టి ఆపాడు. తర్వాత, "ఎరికే అన్న" అన్నాడు. "సక్కగున్నదని నాకెరికే. నువ్వన్నంక ఏడు పార్లు గుండేసిన. ఏడు పార్లు సక్కగనే అచ్చింది."

"మరెందుకు తీసినవ్?"

"గాలుండె గద అన్న. గాలున్నప్పుడు గుండును నమ్మకు, నన్ను అడుగు అన్నవ్. నేను ఒకనికి చూడకుంట చెప్పిన, వాడు వోయిండు. నువ్వు గట్ల చెప్పవనుకున్న. చూసే చెప్పినవనుకున్న."

నేను చూసే చెప్పాను. సక్కగా ఉందని చూసి, వంకర అని చెప్పాను. తల వంచుకొని ఏడ్చాను. వాడు లేచి మేకుకున్న గుండు తీసి, దారం చుట్టి, నా పక్కన పెట్టాడు. "అన్నం తిని పో అన్న" అన్నాడు.

సమ్మె అయిపోయాక సారు ఇల్లు మళ్లీ మొదలైంది. వాడు మెల్లమెల్లగా తేరుకొని వచ్చాడు. గోలీలు ఇంకా వాడుతున్నాడు, అది దాచుకోలేదు. కుడి పక్క గోడ మూడోసారి మేమిద్దరమే లేపాం. "ఎట్లున్నది అన్నా?" అని ఎప్పటిలాగే అడిగాడు. "సక్కగున్నది" అన్నాను. తల ఊపి, జేబులోంచి గుండు తీసి వేసుకొని చూశాడు. ఇల్లు పూర్తయ్యేదాకా అంతే, ప్రతి వరుసకూ నన్ను అడిగాడు, ప్రతి వరుసకూ గుండు వేశాడు. ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు.

ఇప్పుడు వాడు సిరిసిల్లలోనే పని చేస్తున్నాడు, వేరే జోడీ ఉన్నాడు. గంభీరావుపేట మనిషి, పనిలోకి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. మొన్న సిరిసిల్ల పోయినప్పుడు వాళ్లు కడుతున్న ఇంటి ముందు బండి ఆపాను. గాలి బాగా ఉంది. "ఎట్లున్నది?" అని వాడు అడిగాడు. అవతలి మూల నుంచి ఆ కొత్తాయన "సక్కగున్నది" అన్నాడు. వాడు వెంటనే దారం లేపాడు. గుండు వేస్తాడేమోనని ఇంకో మూడు వరుసలు అక్కడే నిలబడి చూశాను. వేయలేదు.