పెద్దమ్మ మడమ

పోయిన వారం మా పక్కింటి పెద్దమ్మ గుండెపోటుతో పోయింది. రాజమండ్రిలో చేపలమ్మి బతికిన మనిషి. ఆ రోజు ఆవిడ చుట్టం ఒకాయన అందరూ వింటుండగా, "మీ ప్రయోగాలే ఆవిణ్ణి తినేశాయండి" అని నా మీద పడ్డాడు. శవం ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

జెల్ల చేప ముల్లు మడమలో దిగినా షుగర్ వల్ల ఆవిడకు తెలియలేదు. అది పుండై ఎంతకీ మానలేదు. ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందన్న డాక్టరును, ముందు మిగతా దారులన్నీ చూడమని దబాయించింది.

నేను పనిచేసే ల్యాబులో అలాంటి పుండ్ల కోసమే ఒక జెల్ తయారుచేస్తాం. మొండి పుండులో ఆక్సిజన్ నుంచి పుట్టే కొన్ని అణువులు కొత్త కండను పట్టనివ్వవు. వాటిని అణిచే నానో రేణువులు ఆ జెల్‌లో ఉంటాయి. ఆసుపత్రిలో దాని పరీక్ష మొదలైందని తెలిసి పెద్దమ్మ తనంతట తానే చేరింది. సగం మందికి రేణువులున్న జెల్, సగం మందికి ఉత్త జెల్. ఎవరికి ఏది రాస్తున్నారో డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. పిండి రాసి పంపుతున్నారేమోనని చుట్టాలు ఎగతాళి చేశారు.

"పిండైతే పిండే. ఎవరో ఒకళ్ళు కాలు చాపకపోతే మందు సంగతి ఎలా తెలుస్తది?" అంది.

కాలు కింద మోపొద్దన్నారు. మార్కెట్లో పాదాన్ని స్టూలు మీద పెట్టుకుని కుర్చీలోంచే బేరాలు నడిపింది. చేప ఎంచుకోవాలంటే కొనేవాళ్ళే వంగాలి. చేపలు కోసిచ్చే పని ఆవిడ భర్త, మా పెదనాన్న, నెత్తిన పడింది. ఆయన కత్తి పట్టిన తీరుకు రోజంతా వంకలు పెట్టేది. డ్రెస్సింగు మాత్రం ఒక్కసారీ ఎగ్గొట్టలేదు.

పుండు మానింది. పరీక్ష ముగిశాక తెలిసింది, ఆవిడకు రాసింది ఉత్త జెల్. మోసపోయాననుకుంటుందేమోనని భయపడుతూనే చెప్పాను. మడమ తడుముకుని నవ్వింది.

"అయితే ఇది నా కష్టమన్నమాట. మరి మీ మందు అందినోళ్ళకి?"

"ఇంకా తొందరగా మానినట్టుంది పెద్దమ్మా. ఖాయంగా చెప్పాలంటే ఇంకా చాలామందికి రాసి చూడాలి."

"చూడండి మరి. కూర్చున్నారేంటి?"

ఆ చుట్టానికి నా జవాబు ఇదే. ఆవిడ ఒంటికి మా రేణువు ఒక్కటీ అంటలేదు. మా పనీ ఆగదు. ఇది రాస్తుంటే ఏడుపూ కోపమూ కలిసే వస్తున్నాయి, దేన్నీ ఆపుకోవాలని లేదు.

ఆ రోజు సాగనంపే ముందు, ముత్తయిదువగా పోయిందని ఆడవాళ్ళు పెద్దమ్మ కాళ్ళకు పసుపు రాస్తున్నారు. పుండు మానిన చోటికి వచ్చేసరికి రాసే చెయ్యి జంకింది. గిన్నె నేను లాక్కున్నాను. రెండు పాదాలకూ, వేళ్ళ నుంచి మడమ దాకా, పసుపు నిండుగా పట్టించాను.