ఎర్ర మిర్చికి నల్ల రీలు

ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కాంతి పాఠం బాగా చెప్తానని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే అన్నట్టు పాత ఫిల్మ్ కెమెరా ఒకటి కొన్నాను. రెండు లెన్సులు ఒకదాని మీద ఒకటి ఉండే పెట్టె. రీలుకు పన్నెండే ఫోటోలు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూస్తూ తీయాలి. నాకు అదంటే ప్రాణం. మా ఆవిడ దాన్ని డబ్బా అంటుంది.

మా మేనత్తది భద్రాచలం దాటాక అడవి అంచు పల్లె. పోయిన వేసవిలో ఫోన్ చేసింది.

"అల్లుడా, ఈయేడు మిర్చి మస్తు కాసింది. కల్లంల ఆరబోసినం. ఎర్రగ ఎట్లున్నదో! నీ కెమెరా పట్టుకొని జల్దీ రా. మార్కెట్‌కు తోలకముందే ఫోటో దియ్యాలె."

వెళ్లాను. అత్త చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, కుప్ప ముందు కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉంది. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే వెలుతురు కొలిచాను. తల వంచి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు ఫోకస్ సరిచేశాను. నిజానికి అద్దంలో నేను చూస్తున్నది అత్తను కాదు, కుప్ప మీద వాలిన ఎండను. నొక్కి తలెత్తితే అత్త కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఉంది.

"ఏందత్తా, కండ్లు మూసినవ్?"

"నువ్వు తలొంచి ప్రార్థన జేస్తున్నవ్ గదా! పంట కోసమని నేనూ జేసిన. ఆమెన్ అనకముందే తలెత్తితివి."

మళ్లీ తీద్దామంటే అదే ఆఖరి ఫోటో. మిగతావన్నీ దారిలో గోదావరికి, సారపాక పేపరు మిల్లుకు కర్ర తోలే లారీలకు అర్పించి వచ్చాను.

రీలు హైదరాబాద్‌లో కడిగించి, ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మిర్చేనా? సత్తుపల్లి బొగ్గు గని ముంగట కూసున్నట్టున్న. ఎర్ర మిర్చికి నల్ల రీలేంది అల్లుడా?"

"నలుపు తెలుపుల నడుమ ఎన్ని ఛాయలున్నయో చూడత్తా," అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

"అవ్, శానా ఉన్నయ్. ఎరుపు ఒక్కటే లేదు."

మనసు చిన్నబుచ్చుకుని బస్సెక్కాను.

తర్వాత వెళ్లినప్పుడు ఆ ఫోటో గోడ మీద పెద్దగా కనిపించింది. భద్రాచలంలో ఒక స్టూడియోలో రంగు వేయించిందట. మిర్చి ఎరుపు, చీర ఎరుపు, అత్త పెదవులు కూడా ఎరుపే. పంట ఎప్పుడో అమ్ముడుపోయి కల్లం ఖాళీగా ఉంది. అత్త మాత్రం వచ్చినవాళ్లందరికీ ఆ ఫోటో చూపించి మురిసిపోతోంది.

ఫోటో కింద మూలన స్టూడియో పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. చూసినవాళ్లు ఆ నంబరు అడిగి రాసుకుంటున్నారట.