పెద్దమ్మ చెయ్యి, నంద్యాల మిషను

మా పెద్దమ్మ ఉమామహేశ్వరమ్మ పిడికెడు శనగలు తీసుకుంటే చాలు, తేమ ఎంతుందో చెప్పేస్తుంది. ఆళ్లగడ్డ వ్యాపారి తేమ చూసే మిషను బయటికి తీస్తే, "నా చెయ్యి చాలదా అప్పా?" అని అందరి ముందూ ఆయన పరువు తీస్తుంది. మిషను కూడా ఎప్పుడూ ఆమె చెప్పిన అంకే చూపించేది. మా ఖర్మ అక్కడే మొదలైంది.

రొమ్ము పరీక్ష చేయించుకోమని ఏడాది పోరాను. "నా చేతికి తెలీంది మిషనుకేం తెలుస్తాది మే?" అనేది. చివరికి ఆ మిషను సంగతి తేల్చడానికే నంద్యాల బస్సెక్కింది.

మామోగ్రాం చూసి డాక్టరమ్మ సుప్రజ, "గడ్డేం కనపడలేదు. కానీ మీ రొమ్ముల్లో కొవ్వు తక్కువ, దట్టమైన కండ ఎక్కువ. శానామందికి ఇట్లే ఉంటాది, జబ్బు కాదు. కాకపోతే క్యాన్సర్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. స్కానింగ్ కూడా చేద్దాం" అంది.

గడ్డ లేదనగానే పెద్దమ్మకు పని అయిపోయినట్టే. లేచి నిలబడింది.

"దట్టమేంది? మెత్తగానే ఉండాయి కదా! కావాలంటే నువ్వే చూడు" అని పైట తీయబోయింది. నేను పరుగెత్తి తలుపు మూశాను.

"చేత్తో పట్టుకుంటే తెలిసేది కాదమ్మా, ఫోటోలోనే తెలుస్తాది. ఆ కండా తెల్లగానే కనపడతాది, గడ్డా తెల్లగానే కనపడతాది. బియ్యంలో తెల్లరాయి ఏరేటప్పుడు దాటిపోదా?"

పెద్దమ్మ మళ్లీ కూర్చుంది. "అట్లయితే ఇంకోసారి చెరగాల్సిందే" అంది.

స్కానింగులో పెసరగింజంత గడ్డ దొరికింది. దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. ఆ రోజు పెద్దమ్మ అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ, "వీటికి దొరకలేదే" అని ఏడ్చింది. ఏడాది పాడు చేసినందుకు నాలుగు తిట్టి, వాటేసుకుని నేనూ ఏడ్చాను.

చిన్నగా ఉండగానే తీసేశారు. ఇప్పుడు ఆర్నెల్లకోసారి చూపించుకోవడానికి పోతాం. మొన్న అట్లాగే కూర్చుని ఉంటే నర్సు హాలంతా వినపడేలా, "వాణి, నలభై ఆరేళ్లు, మామోగ్రాం!" అని కేకేసింది. నేను అందరికీ నలభై అని చెప్పుకుంటున్నాను.

"నా పేరెందుకు రాయించినావు?" అని పెద్దమ్మ మీద ఎగిరాను.

"ఏడాది నా పానం తీస్తివి కదా," అంది తాపీగా. "నువ్వెప్పుడు చేయించుకున్యావ్?"

లేచి లోపలికి పోయాను.